గాలికి ఫొటో తీసిన మనిషి – ఎర్నెస్ట్ మాక్

క్షిపణుల గురించో, యుద్ధ విమానాల గురించో పేపరులో వార్త వచ్చినప్పుడల్లా మాక్ 2, మాక్ 3 అనే మాట కనబడుతుంది. ధ్వని వేగానికి రెండింతలు, మూడింతలు అని దాని అర్థం. హైదరాబాదులో కూర్చే బ్రహ్మోస్ క్షిపణి వేగం ధ్వనికి దాదాపు మూడు రెట్లని మన పిల్లలు పోటీ పరీక్షల కోసం బట్టీ పడతారు. కాని మాక్ అన్నది ఒక మనిషి పేరని చాలామందికి తెలియదు. ఆయన కతోలిక కుటుంబంలో పుట్టాడు. మఠవాసుల బడిలో చదువు రాదనిపించుకున్నాడు. కంటికి కనబడని గాలి అలను లోకానికి మొదట చూపించినవారిలో ఒకడయ్యాడు. చివరికి కంటికి కనబడనిదేదీ నమ్మనని పట్టుబట్టాడు. మన కుటుంబాలు తెలుసుకోదగిన జీవితం ఆయనది. అందుకే ఈ వారం ఆయన కథ.

చదువు రాదన్న పిల్లవాడు

ఎర్నెస్ట్ మాక్ 1838 ఫిబ్రవరి 18న మొరావియాలోని బ్రనో నగరం దగ్గర జన్మించాడు. అప్పట్లో అది ఆస్ట్రియా సామ్రాజ్యం, నేడు చెక్ దేశం. తర్వాత కొన్ని ఏండ్లకు ఆ బ్రనోలోని అగస్టీను సభ మఠంలోనే మెండెల్ అనే యువకుడు చేరాడు. బఠాణీ మొక్కలు పెంచి వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన గురువు ఆయనే.

మాక్ తండ్రి చదువుకున్నవాడు, ఇళ్ళలో పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. తర్వాత వియన్నా దగ్గరి పల్లెలో వ్యవసాయం పెట్టాడు. తొమ్మిది, పది ఏండ్ల వయసులో కొడుకును బెనెడిక్టు సభ గురువులు నడిపే బడిలో చేర్పించాడు. లాటిను, గ్రీకు వ్యాకరణాలు ఆ పిల్లవాడి తలకెక్కలేదు. వీడికి తెలివి లేదు, ఏదైనా చేతిపనిలో పెట్టుకోండి అని ఆ గురువులు తండ్రికి సలహా ఇచ్చి పంపారు.

తండ్రి నిరాశ పడలేదు. పొద్దున పాఠం, మధ్యాహ్నం పొలం పని అని తానే ఇంట్లో చదువు చెప్పాడు. పిల్లవాడు కోరితే వడ్రంగి దగ్గర కూడా పనికి పంపాడు. వారంలో రెండు రోజుల చొప్పున రెండేండ్లకు పైగా ఎర్నెస్ట్ రంపం, ఉలి పట్టి బల్లలు, అల్మరాలు చేయడం నేర్చుకున్నాడు. ఆ చేతిపని వృథా పోలేదు. తర్వాత ప్రయోగశాలలో తనకు కావలసిన పరికరాలను తానే ఊహించి తయారు చేయించుకోగలిగాడు.

పదిహేనేండ్లకు మళ్ళీ బడికి వెళ్ళాడు. ఈసారి పియరిస్టు సభ గురువుల బడి. అదే వయసులో తండ్రి పుస్తకాలలో జర్మను తత్త్వవేత్త కాంట్ రాసిన గ్రంథమొకటి దొరికింది. మనకు కనబడేది వేరు, వస్తువు నిజంగా ఉన్న తీరు వేరు అన్న ఆలోచన ఆ కుర్రవాడిని జీవితాంతం వదలలేదు. బడిలోని భక్తి కార్యాలు మాత్రం ఆయన మనసుకు ఎక్కలేదు. మెల్లగా విశ్వాసానికి దూరమయ్యాడు.

1860లో వియన్నా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. దూరంగా వెళ్ళే రైలు కూత స్వరం తగ్గినట్టు, దగ్గరకు వచ్చే రైలు కూత పెరిగినట్టు వినబడుతుంది కదా. డాప్లర్ చెప్పిన ఈ సూత్రాన్ని అప్పటి పెద్దలు కొందరు కొట్టిపారేశారు. యువకుడైన మాక్ ఒక గొట్టం చివర ఈల బిగించి, గొట్టాన్ని గిరగిర తిప్పి, అందరికీ వినిపించి నిరూపించాడు. వాదన కంటె ప్రయోగం మేలన్నది ఆయన పద్ధతి. 1864లో గ్రాజ్ నగరంలో, 1867లో ప్రాగ్ నగరంలో ప్రొఫెసరు అయ్యాడు. ప్రాగ్‌లో 28 ఏండ్లు పనిచేశాడు.

యుద్ధం విడిచిన ప్రశ్న

1870–71లో ఫ్రాన్సుకు, జర్మనులకు యుద్ధం జరిగింది. గాయపడిన సైనికుల శరీరాలలో వింత గాయాలు కనబడ్డాయి. తూటా దూరిన చోట చిన్న రంధ్రం, లోపల మాత్రం బాంబు పేలినట్టు పెద్ద గొయ్యి. ఫ్రెంచివారు పేలే తూటాలు వాడారని జర్మనులు నింద వేశారు. సైనికుల మీద అలాంటి తూటాలు వాడకూడదని 1868లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. కనుక ఇది చిన్న నింద కాదు. ఒక జాతి మాట తప్పిందా లేదా అన్న ప్రశ్న.

మెల్సెన్స్ అనే బెల్జియం శాస్త్రజ్ఞుడు మరొక కారణం చెప్పాడు. వేగంగా వెళ్ళే తూటా తన ముందున్న గాలిని కుదించి నెట్టుకుపోతుందనీ, ఆ గాలి ముద్దే శరీరంలో దూరి పేలుతుందనీ ఆయన ఊహ. 1881లో పారిస్‌లో మాక్ ఈ ఉపన్యాసం విన్నాడు. తూటా ముందు నిజంగా గాలి ముద్ద ఉందా? ఊహలెందుకు, చూస్తే పోలేదా అనుకున్నాడు.

కాని ఎలా చూడాలి? గాలి కనబడదు. తూటా కూడా కనబడదు. సెకనుకు 500 మీటర్ల వేగంతో పోయే తూటా సెకనులో పదిలక్షవ వంతులో అర మిల్లీమీటరు కదులుతుంది. అప్పటి ఏ కెమెరా మూతా అంత త్వరగా తెరుచుకుని మూసుకోలేదు.

చీకటి గదిలో నిప్పురవ్వ

రోహిణి కార్తె ఎండలో మన బండల మీదనో, తారు రోడ్డు మీదనో చూపు సాగిస్తే అవతలి చెట్లు వణికినట్టు కనబడతాయి. చెట్లు వణకడం లేదు. వేడి గాలి, చల్ల గాలి కలిసిన చోట వెలుతురు వంగుతుంది. గుడిలో ఉదయం పూజ వేళ కిటికీ ఎండలో పీఠం మీది కొవ్వొత్తి నీడ గోడ మీద పడితే, జ్వాల పైన సన్నని పొగలాంటి నీడలు ఆడుతుంటాయి. అది వేడి గాలి నీడ. గాలి కనబడదు గాని, గాలి వెలుతురును వంచిన గుర్తు కనబడుతుంది.

ఈ సూత్రంతోనే జర్మను శాస్త్రజ్ఞుడు టోప్లర్ 1864లో ఒక పద్ధతి వెలువరించాడు. కటకంతో వెలుతురును ఒక చిన్న చుక్కగా చేర్చి, ఆ చుక్క దగ్గర కత్తి అంచులాంటి రేకును నిలబెడతారు. దారిలో గాలి ఎక్కడైనా దట్టంగా ఉంటే అక్కడి వెలుతురు కొద్దిగా వంగి, రేకును తప్పించుకునో, దానికి తగిలి ఆగిపోయో చిత్రంలో మెరుపుగా లేదా నీడగా పడుతుంది.

మాక్ ఈ పద్ధతిని తీసుకుని కెమెరా సమస్యను తలకిందులు చేశాడు. కెమెరా మూత త్వరగా మూయలేకపోతే తెరిచే ఉంచుదాం, గది చీకటి చేసి వెలుతురును ఒక్క క్షణం మాత్రమే ఇద్దాం అన్నాడు. విద్యుత్తు నిలువ చేసిన గాజు జాడీ నుండి పుట్టే నిప్పురవ్వ సెకనులో లక్షల వంతులో ఆరిపోతుంది. అది ఎప్పుడు వెలగాలి? తూటా సరిగ్గా కటకం ముందుకు వచ్చినప్పుడు. ఆ పని తూటాకే అప్పగించాడు. తూటా దూసుకుపోతూ తీగల మధ్య విద్యుత్తుకు దారి కలుపుతుంది, రవ్వ వెలుగుతుంది, గాజు పలక మీద చిత్రం పడుతుంది. తన ఫొటోకు తూటాయే దీపం వెలిగించుకుంటుందన్నమాట.

మొదటి ప్రయత్నాలలో తూటా వచ్చింది గాని అల రాలేదు. మాక్ నిరుత్సాహపడక కారణం వెదికాడు. ఆ తూటాలు ధ్వని కంటె నెమ్మదిగా పోయాయి. ధ్వనిని మించిన వేగం ఉంటేనే అల కనబడాలి. ప్రాగ్‌లో తగిన వసతి లేక, 1886లో ఫ్యూమె రేవులోని నావికాదళ అకాడమీ ప్రొఫెసరు పీటర్ సాల్చర్‌కు ఉత్తరం రాశాడు. ఫ్యూమె నేడు క్రొయేషియాలోని రియెకా. సాల్చర్, ఆయన సహోద్యోగి రీగ్లర్ మాక్ చెప్పిన పద్ధతిలో వేగమైన తూటాలు కాల్చి, ఆ సంవత్సరమే విజయం సాధించారు. 1887లో ఆ ఫలితాలు వియన్నా విజ్ఞాన అకాడమీ ద్వారా వెలువడ్డాయి. ఆలోచన తనదే అయినా మాక్ ఆ ఘనతను ఒక్కడే మూటగట్టుకోలేదు. వ్యాసం మీద మాక్, సాల్చర్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

గోరంత చిత్రంలో ఏముంది?

ఆ చిత్రాలు గోరంత ఉండేవి. భూతద్దం పెట్టి చూడాలి. నల్లని తూటా, దాని ముక్కు ముందు వంగిన గీత, ఆ గీత నుండి వెనుకకు రెండు వైపులా విచ్చుకున్న రెక్కలు, తోక వెనుక సుడులు తిరిగే గాలి.

మన నీళ్ళలో ఇది రోజూ జరిగేదే. పాత మహబూబ్‌నగర్ జిల్లా కృష్ణ ఒడ్డు ఊళ్ళలో పుట్టి మెల్లగా సాగుతుంటే దాని చుట్టూ అలలు అన్ని వైపులకూ పోతాయి. పుట్టి కంటె అలలే ముందు నడుస్తాయి. నాగార్జునసాగర్‌లో నాగార్జునకొండకు వెళ్ళే లాంచీ అలా కాదు. అలల కంటె లాంచీ వేగం ఎక్కువ. అందుకే అలలు వెనుకబడి, ఒకదాని మీద ఒకటి చేరి, ముందు భాగం నుండి నాగలి చాలులా రెండు పాయలుగా విచ్చుకుంటాయి.  గాలిలో తూటా చేసేదీ ఇదే. నేడు దీనిని ఆఘాత తరంగం అంటున్నారు. ఆ పాయలు చేసే కోణాన్ని కొలిస్తే తూటా వేగం ధ్వనికి ఎన్ని రెట్లో లెక్క తేలుతుంది.

రెండు సంగతులు తేలాయి. మొదటిది, తూటా ముందు గాలి ముద్ద ఏదీ అంటుకుని ప్రయాణం చేయడం లేదు. లాంచీ ముందు అలలాగే, అది క్షణక్షణం కొత్తగా పుట్టే తరంగం. ఆ గాయాలకు కారణం తూటా వేగమే. అది తడి కండరాన్ని నలువైపులా నెట్టివేయడమే అని తర్వాతి వైద్యులు గ్రహించారు. అలాంటి గాయానికి పేలే తూటాయే అక్కరలేదు. రెండవది, వేగమైన తుపాకిని దూరాన పేల్చితే రెండు చప్పుళ్ళు ఎందుకు వినబడతాయో తెలిసింది. ముందు వచ్చే పదునైన చప్పుడు తూటా అలది, వెనుక వచ్చేది తుపాకి గొట్టానిది. మన రైతు చెర్నకోల ఛెళ్ళుమనిపించినప్పుడు కూడా దాని కొస ఒక్క క్షణం ధ్వనిని మించి పోతుంది. ఆ చప్పుడు తోలు చప్పుడు కాదు, గాలి అల చప్పుడు.

1929లో అకెరెట్ అనే స్విట్జర్లాండు ఇంజనీరు ఈ వేగాల లెక్కకు మాక్ పేరు పెట్టాడు. 1947 అక్టోబరు 14న అమెరికా విమాన చోదకుడు యేగర్ ధ్వని వేగాన్ని దాటినప్పుడు ఆ పేరు లోకమంతా తెలిసింది. ఒక నింద నిజమా కాదా అని తేల్చాలన్న ప్రశ్నతో మొదలైన పని ఇది. అదే పని తర్వాత మరింత వేగమైన ఆయుధాలకు కూడా దారి వేసింది. మనిషి తెలివి ఎటు తిరుగుతుందో దానిని పట్టుకున్న చేతిమీద ఆధారపడి ఉంటుంది.

కొడుకు పోయిన సంవత్సరం

మాక్ పెద్ద కొడుకు లుడ్విగ్ తండ్రితో కలిసి ఈ ఫొటోలను మరింత మెరుగు పరిచాడు. మరొక కొడుకు హైన్రిఖ్ తెలివైన కుర్రవాడు. జర్మనీలోని గటింగెన్‌లో రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందాడు. పట్టా చేతికి వచ్చిన కొద్దికాలానికే, 1894లో, ఇరవై ఏండ్ల వయసులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ తండ్రి గుండె పగిలింది.

మరుసటి సంవత్సరం మాక్ వియన్నాలో తత్త్వశాస్త్ర ప్రొఫెసరుగా చేరాడు. 1898లో రైలు ప్రయాణంలో పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట తడబడింది. అయినా ఎడమ చేత్తో టైపు కొట్టడం నేర్చుకుని గ్రంథాలు రాశాడు. 1901లో ఉద్యోగం మానుకున్నప్పుడు ప్రభుత్వం ఆయనను పెద్దల సభకు నియమించింది. ప్రభువుల బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు. బొగ్గు గని కార్మికుల పనిదినాన్ని తొమ్మిది గంటలకు తగ్గించే బిల్లు వచ్చినప్పుడు, నడవలేని స్థితిలోనూ మోయించుకుని సభకు వెళ్ళి కార్మికుల పక్షాన ఓటు వేశాడు. పదమూడవ లియో పోపుగారు కార్మికుల హక్కుల మీద విశ్వలేఖ రాసిన 1891కి పదేండ్ల తర్వాత జరిగిన సంగతి ఇది. గుడికి రాని మనిషి గని కూలి కోసం మంచం మీద వెళ్ళాడు. మనం గుర్తుంచుకోవాలి.

చూస్తేనే నమ్ముతానన్నవాడు

ఇక ఆయన తత్త్వం. ఇంద్రియాలకు అందినదే విజ్ఞానం, అందనిదాన్ని ఉందని చెప్పకూడదు అన్నది మాక్ సూత్రం. దీనివల్ల మేలూ జరిగింది. న్యూటను చెప్పిన నిరపేక్ష స్థలాన్ని, నిరపేక్ష కాలాన్ని ఎవరు చూశారని ఆయన అడిగిన ప్రశ్న, యువకుడైన ఐన్‌స్టీన్ ఆలోచనకు సాయపడింది. కాని అదే సూత్రం పట్టుకుని అణువులు కూడా లేవన్నాడు. ఎవరైనా అణువు ఉందంటే, నీవు చూశావా అని ఎదురు ప్రశ్న వేసేవాడు. వియన్నాలోనే ఉన్న బోల్ట్‌స్‌మాన్ అణువుల పక్షాన ఎంతో పోరాడవలసి వచ్చింది. 1905లో ఐన్‌స్టీన్ లెక్క, తర్వాత ఫ్రాన్సులో పెరాన్ ప్రయోగాలు, నీటిలో తేలే నలుసుల కదలికను బట్టి అణువుల ఉనికిని నిలబెట్టాయి. మాక్ మాత్రం బహిరంగంగా తన మాట మార్చుకోలేదు.

నల్లగొండ గడ్డ మీద లెనిన్ పేరు వినని ఊరు ఉండదు. ఆ లెనిన్ 1909లో మాక్ తత్త్వాన్ని ఖండిస్తూ ఒక పుస్తకమే రాశాడు. ఇంద్రియానుభవమే సర్వమంటే చివరికి అది దేవుడి దగ్గరికే దారి తీస్తుందని ఆయన భయం. ఇటు ఫ్రాన్సులో పియెర్ దుహేమ్ అనే భక్తిగల కతోలిక శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయనకూ మాక్‌కూ ఉత్తరాలు నడిచాయి. దుహేమ్ గ్రంథం జర్మనులోకి వచ్చినప్పుడు 1908లో దానికి ముందుమాట రాసింది మాక్. ఒకరు పూజ తప్పనివాడు, ఒకరు గుడి గడప తొక్కనివాడు. సత్యం పట్ల గౌరవం ఇద్దరినీ కలిపింది. ఇద్దరూ ఒకే సంవత్సరం, 1916లో మరణించారు. మాక్ తన 78వ పుట్టినరోజు మరునాడు, ఫిబ్రవరి 19న, మ్యూనిక్ దగ్గర కొడుకు లుడ్విగ్ ఇంట్లో కన్నుమూశాడు.

మన ఇండ్లకు ఈ జీవితం

ఒక్క విషయం ఆలోచించండి. మాక్ తన గాజు పలక మీద చూసింది గాలినా? కాదు. గాలి వంచిన వెలుతురు గుర్తును. ఆ గుర్తును బట్టి అల ఉందని నమ్మాడు, సరిగానే నమ్మాడు. నలుసుల కదలిక కూడా అణువుల గుర్తే. ఒక గుర్తును నమ్మిన మనిషి మరొక గుర్తును ఎందుకు కాదన్నాడు? పునీత తోమాసువారు కూడా గాయాలను చూసి, తాకితే గాని నమ్మనన్నారు. కాని ఆయన చూసింది గాయాలను, ఒప్పుకున్నది తన దేవుడిని. చూసిన దాని నుండి చూడని దానికి దాటారు.

దేవుడు అణువు లాంటి వస్తువు కాడు. ఆయనను ఫొటో తీసి నిరూపించలేము, నిరూపించామని గొప్పలు చెప్పుకోవడమూ తప్పే. అయితే కనబడే గుర్తు ద్వారా కనబడనిదాన్ని తెలుసుకోవడం అవివేకం కాదని విజ్ఞానశాస్త్రమే రోజూ చూపుతోంది. దివ్య సంస్కారాలు కనబడని వరప్రసాదానికి కనబడే గుర్తులని శ్రీసభ మనకు నేర్పుతుంది. కాలేజీకి వెళ్ళిన పిల్లలు సైన్సు చదివి ప్రశ్నలు వేస్తే, గదిమి నోరు మూయించకండి. మాక్ ప్రశ్నలు అడిగినందుకు చెడిపోలేదు. ప్రశ్నను ఒక చోట ఆపివేసినందుకే అణువులను పోగొట్టుకున్నాడు.

రెండవ మాట తల్లిదండ్రులకు. తొమ్మిదేండ్ల పిల్లవాడికి తెలివి లేదని తీర్పు చెప్పిన ఆ గురువులు చెడ్డవారు కారు, తొందరపడ్డారు. గురువులమైన మేము కూడా ఆ తొందర నుండి నేర్చుకోవాలి. తండ్రి ఓపిక పట్టి ఉండకపోతే, ఆ పేరు నేడు ఎవరికీ తెలిసేది కాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. హైన్రిఖ్ ఫెయిలైనవాడు కాడు, డాక్టరేటు పొందినవాడు. బాధ మార్కుల మెమోలో కనబడదు. 2019లో ఇంటర్ ఫలితాల తర్వాత మన తెలంగాణలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లుల ఏడుపు మన ఊళ్ళలో ఇంకా ఆరలేదు. పిల్లవాడి మనసు మనకు కనబడదు, గుర్తులు మాత్రం కనబడతాయి. తిండి మానడం, నిద్ర పట్టకపోవడం, స్నేహితులను తప్పించుకోవడం, ఇక నేనెందుకు అన్న మాట నోట రావడం. అలాంటి గుర్తు కనబడితే తిట్టవద్దు, నవ్వవద్దు, రేపటికి వాయిదా వేయవద్దు. పక్కన కూర్చుని అడగండి. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళడం విశ్వాసలోపం కాదు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను 14416కు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు. మీ విచారణ గురువుల తలుపూ తట్టండి.

ఇప్పటికే అలా బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు మీ వాడలో ఉంటే, వారిని వేలెత్తి చూపకండి. అలా మరణించినవారి రక్షణ విషయంలో ఆశ వదులుకోవద్దనీ, వారి కోసం శ్రీసభ ప్రార్థిస్తుందనీ 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం స్పష్టంగా బోధిస్తోంది. ఆ ఇంటికి వెళ్ళి కూర్చోండి. చెప్పడానికి మాటలు లేకపోయినా ఫరవాలేదు.

ఈ ఆదివారం పూజలో పీఠం మీది కొవ్వొత్తులను చూసినప్పుడు హైన్రిఖ్ లాంటి బిడ్డల కోసం, వారి తల్లిదండ్రుల కోసం, వెదికి వెదికి గుడి బయటే ఆగిపోయిన ఎర్నెస్ట్ మాక్ లాంటివారి కోసం ఒక పరలోక జపం చెప్పుకుందాం. కనబడేవాటినీ కనబడనివాటినీ సృజించిన సర్వేశ్వరుడు మన కుటుంబాలను దీవించి కాపాడునుగాక.